సగం విన్న జెండా

ఎవరేం చెప్పబోయినా మాట పూర్తికాకముందే "తెలుసు" అని అడ్డుపడే అలవాటున్న కమలిని అనే అమ్మాయి విశాఖపట్నంలో ఉండేది. ఒకసారి బస్సు కండక్టరు "ఈ బస్సు గాజువాక..." అనేలోగా "తెలుసు" అంటూ ఎక్కి కూర్చుంది. "వెళ్ళదమ్మా" అన్న మిగతా మాట ఆమెకు బస్సు కదిలాక వినబడింది. ఇంట్లో వాళ్ళు ఆ సంగతి చెప్పుకుని నవ్వుకునేవారు. కమలిని నవ్వేది కాదు. తనకు తెలియనిదేదో ఉందని పదిమందిలో బయటపడడం ఆమెకు చచ్చేంత అవమానంగా ఉండేది.

అయితే ఆమెకు నిజంగా తెలిసిన విద్య ఒకటుంది. అది తెరచాప పడవ నడపడం. గాలి ఎటు తిరగబోతుందో నీటి రంగు చూసి పట్టేసేది. ఆమె పడవలో ఇద్దరుండాలి. కమలిని వెనక కూర్చుని చుక్కాని పట్టేది. కాకినాడ అమ్మాయి ఎస్తేరు ముందువైపు తెరచాప చూసుకునేది. గాలి ఎక్కువైనప్పుడు పడవ ఒరిగిపోకుండా అంచుమీద కాళ్ళు తన్నిపెట్టి, నడుముకు కట్టిన తీగ ఆధారంగా నీటిమీదికి వేలాడేది. ఎస్తేరుకు ఇంకో పని కూడా ఉంది. చుక్కాని పట్టినవాళ్ళ కళ్ళు తెరచాప మీద, ఎదురొచ్చే అలల మీద ఉంటాయి. అందుకని చుట్టుపక్కల ఏం జరుగుతోందో చూసి చెప్పవలసింది ఎస్తేరే.

మొదట్లో ఎస్తేరు చక్కగా చెప్పేది. "కుడివైపు గాలి పెరుగుతోందక్కా, అటు తిరుగుదామా?" అనేది. కమలిని ప్రతిసారీ మధ్యలోనే "తెలుసు" అనేది. పోనుపోను ఆ పిల్ల మాటలు చిక్కిపోయాయి. "కుడివైపు గాలి" దాకా వచ్చాయి. చివరికి "గాలి" అని ఊరుకునేది. ఎలాగూ తెగిపోయే మాటను పొడుగ్గా నేయడం ఎందుకని ఆమె అనుకుని ఉంటుంది.

వాళ్ళకు శిక్షణ ఇచ్చే దాలినాయుడు మాస్టారు నౌకాదళంలో పనిచేసి వచ్చిన శ్రీకాకుళం మనిషి. ఈ జబ్బు ఆయన కనిపెట్టాడు. "ఎదుటోళ్ళ మాట ఆఖరిదాకా యినాలే తల్లీ" అని నెమ్మదిగా చెప్పాడు. కమలిని ఆయనకూ "తెలుసు మాస్టారూ" అనే జవాబిచ్చింది.

ఇలాగే ఆ ఇద్దరూ ఎన్నో పోటీలు గెలిచి, ఆసియా దేశాలన్నీ తలపడే క్రీడోత్సవానికి ఎంపికయ్యారు. అది జరిగేది తూర్పు దేశంలో ఒక రేవు పట్నంలో. పడవ పోటీల లెక్క తిరకాసుగా ఉంటుంది. రోజూ పందేలు జరుగుతాయి. మొదట వచ్చిన పడవకు ఒక మార్కు, రెండోదానికి రెండు. ఆఖరికి ఎవరికి తక్కువ మార్కులుంటే వారిది గెలుపు. అన్నిటికన్నా చివరి పందెం మిగిలేసరికి మనవాళ్ళే ముందున్నారు. ఆ పందెంలో మొదటి అయిదు పడవల్లో ఒకటిగా వస్తే చాలు, బంగారు పతకం మెడలో పడుతుంది. వెనకబడితే మాత్రం కంచు కూడా దక్కకపోవచ్చు. వెనకున్న మూడు జంటలూ అంత దగ్గరగా తరుముకొస్తున్నాయి.

ఎస్తేరుకు ఇది ఆఖరి పందెం. తీగకు వేలాడి వేలాడి ఆమె కుడి మోకాలు పాడైంది. ఈ క్రీడల తరువాత మళ్ళీ పడవెక్కితే నడక కూడా కష్టమవుతుందని డాక్టరు చెప్పేశాడు. ఇన్నేళ్ళలో ఇంత పెద్ద పోటీలో ఒక్క పతకం కూడా ఆమె చేతికి రాలేదు. ఆ ఉదయం మోకాలికి పట్టీ బిగించుకుంటూ, ఈ ఒక్కరోజు నా కాలు మాట వింటే చాలక్కా అంది. కమలినికి గుండె కలుక్కుమంది. కానీ ఏమనాలో తోచక "తెలుసు" అనే అంది.

బయలుదేరే ముందు మాస్టారు ఒక్కటే హెచ్చరిక చేశాడు. అయిదో స్థానమైనా బంగారమే గనక మొదలయ్యే చోట ఆత్రపడవద్దన్నాడు. కమలిని తలూపింది.

సముద్రం మీద ముగ్గుపిండితో గీత గీయలేరు. నిర్వాహకుల పడవ ఒక చివర, తేలే నారింజరంగు బోయా ఇంకో చివర ఉంటాయి. ఆ రెంటికీ మధ్య ఉందనుకునే గీతే మొదలు గీత. వేళ అయ్యేసరికి నిర్వాహకుల పడవ మీద ఎగురుతున్న జెండా దించి, హారన్ మోగిస్తారు. అంతకు ముందే ఏ పడవ ముక్కైనా గీత దాటితే, వెంటనే ఇంకో హారన్ మోగించి వేరే జెండా ఎత్తుతారు. అది తెల్లగా, నీలం కూడిక గుర్తుతో ఉంటుంది. దాటింది ఎవరో మాత్రం చెప్పరు. తప్పు చేసినవాళ్ళు తామే గ్రహించి వెనక్కి వచ్చి, మళ్ళీ బయలుదేరాలి. అలా వస్తే తప్పు మాఫీ. ఆ జెండా దించేలోగా రాకపోతే, మొదట చేరినా ఆ పందెం వాళ్ళకు లేనట్టే. అందుకే గీత విషయం కమలిని తన చేతిలోనే పెట్టుకునేది. ఒడ్డున కనబడే ఓ తెల్ల భవనాన్నీ బోయానూ కలిపి గురి చూసుకుని, ఎక్కడుందో లెక్కగట్టేది.

వేళ దగ్గరపడింది. పడవలన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గీతకు ఇవతల కాచుకున్నాయి. తెరచాపలు టపటపా కొట్టుకుంటున్నాయి. రకరకాల భాషల్లో అరుపులు. పక్కనున్న మలేషియా పడవ ముందుకు జరిగింది. దాంతో తెల్ల భవనం కాస్తా కనుమరుగైంది. ఆ పడవ వెనక చిక్కుకుంటే గాలి అందదు. ఇంక ఆగడం కమలిని వల్ల కాలేదు. తెరచాప బిగించింది. పడవ ఒక్కసారి ముందుకు ఉరికింది.

హారన్ మోగింది. ఎస్తేరు తీగ తగిలించుకుని అంచుమీదికి లేస్తూ వెనక్కి తిరిగి చూసింది.

"అక్కా, జెండా..."

"తెలుసు" అంది కమలిని.

జెండా దించారు, పందెం మొదలైంది అని ఎస్తేరు చెబుతోందనుకుంది కమలిని. హారన్ మోగింది కదా, ఇంకేముంటుంది? ఎస్తేరు చెప్పబోయింది వేరు. తెరచాపల మోతలో కమలిని చెవిన పడని రెండో హారన్ ఎస్తేరు విన్నది. తెల్లజెండా ఎత్తడం కళ్ళారా చూసింది. అయితే గీత లెక్క అక్క చేతిలో ఉంది. తెలుసంటోందంటే చూసి, అది మనకు కాదని తేల్చుకునే ఉంటుందని నమ్మింది. నమ్మి, నొప్పి మోకాలు బిగబట్టి, నీటిమీదికి వేలాడింది.

పడవ బాణంలా పోతోంది. ఇంతలో పక్కనున్న మలేషియా పడవ హఠాత్తుగా తెరచాప వదిలి వెనక్కి తిరిగింది. కమలిని అది చూసింది. గుండెలో రాయి పడింది. వీళ్ళెందుకు తిరిగారు? ఎస్తేరు చెప్పింది ఏ జెండా? ఒక్కసారి వెనక్కి చూద్దామంటే, ముందువరస పడవల మధ్య నుంచి దూరాలి. రెప్పపాటు చూపు తప్పినా ఢీకొనేట్టున్నారు.

అడిగితే సరిపోయేది. "ఏ జెండా?" అంతే. రెండు మాటలు. అవి నాలుక చివరికి వచ్చాయి. కానీ అడిగితే, ఇందాక తెలుసన్నది అబద్ధమని ఒప్పుకున్నట్టే. నాలుక తిరగలేదు.

"ఇంకా ఉందక్కా" అంది ఎస్తేరు, మళ్ళీ వెనక్కి చూసి.

ఏముంది? గాలా? జెండానా? మలేషియా పడవ ఈపాటికి గీత ఇవతలికి పోయి మళ్ళీ బయలుదేరే ఉంటుంది. అయినా ఏదో ఇంకా ఉందట. అంటే, వెనక్కి రావలసినవాళ్ళు ఇంకెవరో ఉన్నారు. ఇప్పుడు తిరిగినా మించిపోయింది లేదు. చివర్న పడతారు, అయినా పందెం పొడుగ్గా ఉంది, మెల్లగా అయిదో స్థానానికి పాకవచ్చు. అంత తెలుస్తూనే ఉంది. కానీ తాము కాకపోతే? అనవసరంగా వెనక్కి తిరిగితే ఎస్తేరు ఏమనుకుంటుంది? దూరంగా, శిక్షకుల పడవలో దాలినాయుడు మాస్టారు నిలువుగా లేచి నిలబడి ఉన్నాడు. పందెం నడుస్తుండగా బయటివాళ్ళు ఏమీ చెప్పకూడదు. ఆయన రెండు చేతులూ నెత్తిమీద ఉన్నాయి.

కమలిని "ఊఁ" అని ఊరుకుంది.

కాసేపటికి ఎస్తేరు, "దించేశారు" అంది.

అప్పుడు కమలినికి ఒళ్ళంతా చల్లబడిపోయింది. మొదటి జెండా ఎప్పుడో దించారు. ఇప్పుడు దించింది ఇంకోటన్నమాట. ఇక వెనక్కి తిరిగి లాభం లేదు.

ఆ తరువాత ఆమె పడవ నడిపిన తీరు చూసినవాళ్ళు ఈనాటికీ చెప్పుకుంటారు. ప్రాణం పెట్టి నడిపింది. మొదటి మలుపుకే అందరికన్నా ముందుకొచ్చింది. మనసులో మాత్రం ఒకటే ధ్యాస. ఆ క్షణాన తెల్ల భవనం బోయాకు ఎటువైపుంది? కుడివైపున ఉన్నట్టే గుర్తుంది. కాదు, అసలు కనబడనే లేదు. ఆ జెండా మలేషియావాళ్ళ కోసమే అయ్యుంటుంది. వాళ్ళొక్కరే అయ్యుండాలి దేవుడా అని, ఎన్నడూ మొక్కనిది, తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కింది. వాళ్ళు వెనక్కి వచ్చాక కూడా జెండా ఎందుకు ఉందన్న ప్రశ్న మాత్రం ఏ దేవుడూ తీర్చలేదు. ముందర ఎస్తేరు నొప్పికి పెదవి కొరుక్కుంటూనే నవ్వుతోంది. ఆ నవ్వు చూడలేక కమలిని తెరచాప వైపే చూస్తూ కూర్చుంది.

చివరి గీత వచ్చింది. అక్కడ ఒక్కో పడవ దాటుతుంటే ఒక్కో హారన్ మోగిస్తారు. మొదట దాటింది వీళ్ళే. ఎస్తేరు పిడికిలి పైకెత్తింది.

హారన్ మోగలేదు.

ఎస్తేరు పిడికిలి అలాగే ఉంది. హారన్ పాడైందేమో అక్కా అంది. కమలిని నిర్వాహకుల పడవ వైపు చూసింది. ఆమెకు చెవుల్లో తన గుండె చప్పుడే వినిపిస్తోంది. వెనకాలే థాయిలాండ్ పడవ గీత దాటింది. హారన్ గట్టిగా, నిక్షేపంలా మోగింది.

ఎస్తేరు చెయ్యి మెల్లగా దిగింది. పడవలోకి వచ్చి కూర్చుంది. కమలిని వైపు తిరిగి అడిగింది.

"ఆ జెండా మనకేనా అక్కా?"

"నేను చూడలేదే ఎస్తేరూ."

"తెలుసన్నావు కదా."

తొలి గీత దగ్గర వాళ్ళ పడవ ముక్కు జానెడు ముందుందని తరువాత నిర్వాహకులు చెప్పారు. ఆ పందెంలో వాళ్ళకు చివరి స్థానం కన్నా ఎక్కువ మార్కులు వేశారు. మొత్తం మీద నాలుగో స్థానానికి పడిపోయారు. మూడు పతకాలూ వెనక తరుముకొచ్చిన ముగ్గురికీ పోయాయి.

ఒడ్డున మాస్టారు కేకలేస్తాడనుకున్నారు. ఆయన వెయ్యలేదు. జరిగింది అడిగి విన్నాడు. విని, "మన తెలుగులో జెండా ఎత్తినా జెండాయే ముందొస్తాది, దించినా అదే ముందొస్తాది. అసలు సంగతి ఆఖర్నుంటాది. ఆ ఆఖరి మాట కోసం ఆగలేకపోనావు. సరే, ఆగలేదు. ఏటన్నావని మళ్ళీ అడగడానికేటమ్మా అడ్డం?" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయినా కమలిని ఆ మాటలు తలొంచుకుని విన్నది.

పతకాల సంబరం దూరంగా వినబడుతోంది. పడవల షెడ్డులో ఎస్తేరు మోకాలి పట్టీ విప్పుకుంటోంది. కాలు వాచి కమిలిపోయి ఉంది. కమలిని వెళ్ళి పక్కన కూర్చుంది. క్షమించమని అడగడానికి వచ్చింది.

"అక్కా, నేనొకటి చెప్పనా?" అంది ఎస్తేరు.

కమలిని నోటిదాకా పాత మాట వచ్చింది. దాన్ని మింగేసి, "చెప్పు" అంది. జీవితంలో మొదటిసారి అడ్డుపడకుండా కూర్చుంది.

"ఓడిపోయినందుకు కాదక్కా నా బాధ. జెండా ఎత్తారు అని గట్టిగా చెప్పాలనే అనుకున్నాను. కానీ నేనేం చెప్పినా నీకు ముందే తెలుసుగా అని అలవాటైపోయింది. నా కళ్ళకన్నా నీ మాటనే ఎక్కువ నమ్మాను. ఇంక నేను పడవెక్కను. నా తరువాత నీ ముందు నిలబడే పిల్ల మాటనైనా పూర్తి కానియ్యి."

చెప్పడం అయిపోయాక కూడా కమలిని చాలాసేపు వింటున్నట్టే కూర్చుంది. తరువాత ఎస్తేరు కాలు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

ఎదుటివారి మాట చివరిదాకా వినాలి, వినలేకపోతే సిగ్గుపడకుండా మళ్ళీ అడగాలి. తెలియదని ఒప్పుకుంటే పోయేది ఒక్క క్షణం పరువు, తెలియకుండా తెలుసంటే మనల్ని నమ్మినవాళ్ళ బతుకంతటి ఆశ మునిగిపోతుంది.