కోళ్ళ గూటి తలుపూ, కోతి అంటించిన చీటీలూ

అడవి అంచున ఒక దొడ్డి ఉంది. అక్కడ తలుపులూ, తొట్లూ, తిండి కంచాలూ, నీళ్ళ గొట్టాలూ అన్నీ గోడకున్న ఒక తెర మీదే నడుస్తాయి. తెర మీద ఏది నొక్కితే ఏం జరగాలో ఆ కోడు రాసేది కోతి గెంతులప్ప. మహా చురుకు. పొద్దున అడిగితే మధ్యాహ్నానికి కొత్త బటన్ పెట్టేస్తాడు.

ఒకరోజు పొద్దుగూకే వేళ కోడిపెట్ట చుక్కమ్మ పిల్లల్ని రెక్కల కింద వేసుకుని కూర్చుంది. "తలుపు తియ్యాలా?" అని తెర అడిగింది. చుక్కమ్మ "వద్దు" నొక్కింది. తలుపు బార్లా తెరుచుకుంది. బయట నక్క. పిల్లలు దక్కాయిగానీ చుక్కమ్మ తోక ఈకలు నాలుగు నక్క నోట్లో ఉండిపోయాయి.

తెల్లారేసరికి గేదె నల్లమ్మ ముందు పంచాయితీ. ఆ దొడ్డికి పెద్ద దిక్కు ఆవిడే.

"వద్దంటే తెరుచుకోడమేంట్రా?"

"నొక్కిన జవాబు పడేందుకు కోడులో ఒక గడి ఉందత్తా. ఆ గడిలో మాటంటూ ఒకటి పడింది కదా. గడి ఖాళీగా ఉంటేనే తలుపు ఆగుద్ది. ఏం పడినా ఔననే అనుకుంటది."

"ఏ గడిలో ఏం పడాలో ముందే రాసుకోవేం? నా కుడితి తొట్టికీ దాణా తొట్టికీ గుర్తులు లేవూ?"

"ఆ పద్ధతీ ఉందిలే. గడికో చీటీ. దీంట్లో అంకెలే, దీంట్లో పేరే, దీంట్లో ఔనో కాదో అని. నేను తప్పు రాస్తే, తెర మీదికి ఎక్కకముందే ఎర్ర గీత పడుద్ది. కానీ నలభై గడులత్తా. పని సగానికి సగం మందగిస్తది."

"పాపం, అంత పనిమంతుడి చేతికి సంకెళ్ళా?" అన్నాడు నక్క, కంచె అవతల్నుంచి.

"మా తలుపు గోల నీకెందుకు?" అంది నల్లమ్మ. శుక్రవారానికల్లా చీటీలు పడాలని తేల్చేసింది.

అందరూ వెళ్ళాక నక్క కంచె సందులో మూతి పెట్టాడు. "తమ్ముడూ, నలభైకీ 'ఏదైనా' అని రాసెయ్. ఎర్ర గీత పడదు. ముసలిదానికి చదువా రాదు."

శుక్రవారం గెంతులప్ప చేతులు దులుపుకుంటూ వచ్చాడు. "అయిపోయిందత్తా. ఒక్క ఎర్ర గీత లేదు."

నల్లమ్మకి చదువు రాదుగానీ కళ్ళున్నాయి. నలభై చీటీలూ ఒక్క అచ్చులో ఉన్నాయి. చుక్కమ్మని పిలిచింది.

"ఇక్కడేం రాసుందే?"

"'ఏదైనా' అని ఉందొదినా."

"ఇక్కడ?"

"అదే."

నల్లమ్మ చుక్కమ్మ చేత తెర మీద ఇంకో గడిలో ఒక మాట కొట్టించింది. మధ్యాహ్నం గెంతులప్ప కంచంలోకి కుడితి వచ్చింది. పైన తవుడు తేలుతోంది.

"నా అరటిపళ్ళేవత్తా?"

"నీ కంచానికి చీటీ రాసింది నువ్వేగా. ఏదైనా అన్నావు. తాగు, ఎర్ర గీతేం పడలేదులే."

గెంతులప్ప కుడితి వంక చూశాడు, నల్లమ్మ వంక చూశాడు. "నలభై ఒక్కపూటలో కావత్తా."

"ఎవరడిగారు? ముందు తలుపుది మార్చు. మిగతావి దేని మీద చెయ్యి పడితే అప్పుడు దాన్ని."

తలుపు గడికి "ఔను, కాదు, అంతే" అని చీటీ మార్చాడో లేదో, ఎర్ర గీత పడింది. సరిగ్గా "వద్దు" అన్న మాటని ఆ గడిలో పడేసే చోటే. తల గోక్కుని దిద్దాడు. నల్లమ్మ ఒక ముద్ద నెమరేసేలోపు అయిపోయింది. తర్వాత కంచం చీటీ కూడా, ఎవరూ చెప్పకుండానే, మార్చుకున్నాడు. అరటిపళ్ళు వచ్చాయి.

సాయంత్రం నక్క వచ్చి తలుపు తట్టాడు. తెర అడిగింది. చుక్కమ్మ "వద్దు" నొక్కింది. ఆ చప్పుడు వినగానే నక్క ఒక్క దూకు దూకాడు. తలుపు కదల్లేదు. ముక్కు చెక్కకి కొట్టుకుని చదునైపోయింది.

"తమ్ముడూ, మీ తలుపు చెడిపోయినట్టుంది," అన్నాడు ముక్కు పట్టుకుని.

"లేదన్నా," అన్నాడు గెంతులప్ప, కప్పు మీద కూర్చుని పండు వొలుచుకుంటూ. "ఇవాళే బాగయింది."

చుక్కమ్మ పిల్లల మీద రెక్కలు సర్దుకుంది. నల్లమ్మ నింపాదిగా నెమరేసుకుంటూ పడుకుంది.

గడి మీద "ఏదైనా" అని రాసినవాడు, ఆ గడిలో నక్క దూరినా కాదనలేడు.