ఫారాల మేడమ్

పాణిగ్రాహి మాష్టారిని ఎవరు ఏది అడిగినా నోటితో జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాళ్ళను వెంటబెట్టుకుని ఎక్కడికో నడిపించేవారు. ఆయన వెనక నడిచి అరిగిన చెప్పులన్నీ పోగేస్తే మా యూనివర్సిటీకి ఇంకో మేడ లేచేది. ముప్ఫయ్యేళ్ళు ఆయన డిపార్ట్‌మెంటు లైబ్రరీ చూసినదాన్ని, నా మాట నమ్మండి.

ఆయన దగ్గరే చదివి, అక్కడే కొత్తగా లెక్చరరుగా చేరిన ఇందుమతి ఒక సోమవారం ఉదయం ఆయన గదికి వచ్చింది. గడ్డం దాకా ఫైళ్ళు. ఎదురుగా ఏనుగొచ్చినా కనిపించదు. హాస్టలు వార్డెను ఆమే, పరీక్షల డ్యూటీలు వేసేది ఆమే, గురువారం రాబోయే తనిఖీ కమిటీకి ఫైళ్ళు తయారుచేసేదీ ఆమే. ఆ కమిటీ మెచ్చితేనే ఆమె ఉద్యోగం ఖాయమవుతుంది.

"పాఠానికి ఎంత సమయం, మిగతా పనులకి ఎంత మాష్టారూ? నాకు పాలుపోవడం లేదు" అంది.

మాష్టారు పైనున్న ఫైలు విప్పారు. మొదటి సంవత్సరం పిల్లలు టీచరు గురించి నింపిన అరవై ఫారాలు. ఇందుమతి పేరుకు ఎదురుగా, అరవైలోనూ "అత్యుత్తమం" అన్న మొదటి గడిలోనే టిక్కు.

"పదమ్మా, ఇంతగా మెచ్చుకున్న పిల్లల్ని ఒకసారి చూసొద్దాం" అన్నారు.

పుస్తకాలు అందించే నెపంతో నేనూ వెళ్ళి క్లాసు తలుపు దగ్గర నిలబడ్డాను. రెండు నెలలుగా ఇందుమతి బదులు పాఠం చెబుతున్న పరిశోధక విద్యార్థి, వీళ్ళను చూసి పక్కకు తప్పుకున్నాడు.

"మీ ఇందుమతి మేడమ్ ఎలా ఉంటారమ్మా?" అని మాష్టారు ముందు బెంచీ పిల్లను అడిగారు.

"ఇంకా చూడలేదు సార్. మేడమ్‌కి తీరిక లేదని ఈ సారే పాఠం చెబుతున్నారు."

"మరి ఈవిడెవరు?"

ఆ పిల్ల ముఖం విప్పారింది. "ఫారాల మేడమ్ సార్. హాస్టల్ ఫారం, ర్యాగింగ్ ఫారం, అన్నీ ఈవిడే తెస్తారు. చాలా మంచివారు. చదివే శ్రమ కూడా పెట్టరు, మొదటి గడిలో టిక్కు పెట్టేయమంటారు."

ఇందుమతి చేతిలోని ఫైళ్ళు జారి నేలమీద పడ్డాయి. ఆ చప్పుడుకు కిటికీ అవతలి సముద్రం ఒక అడుగు వెనక్కి తగ్గిందంటే నమ్మండి. పిల్లలెవరూ నవ్వలేదు, అదే మరీ ఘోరం. వాళ్ళు నిజంగానే ఆమెను ఆఫీసు మనిషనుకున్నారు. నా చేతిలో పుస్తకాలు ఎప్పుడు కిందపెట్టానో నాకే తెలియదు.

ఇందుమతి వంగి, ఆ అరవై ఫారాలు మాత్రం ఏరి, అడ్డంగా చించేసింది. గురువారం కమిటీకి చూపించడానికి పిల్లల మెప్పంటూ ఇక ఏమీ లేదు.

"ఇందుమతిని నేనే" అంది. "ఈ మూడు రోజులూ నేనే పాఠం చెబుతాను. తరవాత కొత్త ఫారాలు తీసుకుని, మీకు ఏ గడి తోస్తే ఆ గడిలో పెట్టండి."

ముందు బెంచీ పిల్ల దిగులుగా లేచింది. "మీరు పాఠం చెబితే మరి ఫారాలు ఎవరు తెస్తారు మేడమ్?"

మాష్టారు అప్పటికే గుమ్మం దాటుతున్నారు.

"దానికి ఎవరో ఒకరు దొరుకుతారులేమ్మా" అన్నారు.