తాగని నక్కకి ఇద్దరు తోడు

ఇప్పపూలు రాలే కాలం వచ్చిందంటే కొండదిగువ అడవిలో తిన్నగా నడిచే జంతువు దొరకడం కష్టం. అందరికంటే ముందు తూలేది ఎలుగుబంటి గుబురయ్య. తూలించేది నక్క తియ్యన్న. పూలను సొరబుర్రలో పులియబెట్టి, "అన్నా, ఒక్క గుక్క!" అని అందించేవాడు. ఆ గుక్క కోసం గుబురయ్య చెట్లెక్కి తేనెపట్లు దింపి నక్క ముందు పడేసేవాడు. పెళ్ళాం కర్రెమ్మకీ పిల్లకీ మిగిలేది ఉత్త మైనం.

ఒక పొద్దున గుబురయ్య చెదలపుట్టను కావలించుకుని లేచాడు. "ఏమే, అలిగావా? ఒళ్ళు ఇంత గరుకుగా ఉందేమే?" అని పుట్టను బుజ్జగిస్తున్నాడు. అసలు కర్రెమ్మ పిల్లను వీపునేసుకుని వెనకాలే నిలబడి ఉంది.

"భేషైన సంసారం! ఆ పుట్టనే ఏలుకో. పూలకారు అయ్యాక వచ్చి నీ నోరు వాసన చూస్తా. సారా కంపు తగిలిందా, నీకు నేనూ లేను, పిల్లా లేదు!" అనేసి అవతలి కొండకు వెళ్ళిపోయింది. పిల్ల వెనక్కి తిరిగైనా చూడలేదు. గుబురయ్యకు మత్తంతా ఒక్కసారిగా దిగిపోయి, ఏడుపు తన్నుకొచ్చింది.

పైకొమ్మ మీది ఆడకోతి చింతాలు అంతా చూస్తూనే ఉంది. "ఏడ్చింది చాలు గానీ, సాయంత్రం రాబందుల బండ దగ్గరికి రా. తాగుడు మానాలనుకునేవాళ్ళం అక్కడ కూడతాం."

"నాకెందుకమ్మా? తలుచుకుంటే ఎప్పుడైనా మానేస్తా."

"ఎప్పుడైనా మానావా?"

"ఓ, ఎన్నిసార్లో!"

అన్నాడే గానీ సాయంత్రానికి వెళ్ళాడు. వెళ్ళినా సిగ్గేసి బండ చాటున నక్కాడు. కూటానికి పెద్ద ముసలి ఎద్దు ఓరుపయ్య. "రావయ్యా గుబురయ్యా. సగం ఒళ్ళు ఇవతలే ఉంది, మిగతా సగం కూడా తెచ్చుకో," అన్నాడు.

అక్కడి పద్ధతి ఏమిటంటే, ఎవరి కథ వాళ్ళే చెప్పుకోవాలి. మిగతావాళ్ళు నవ్వకూడదు, తిట్టకూడదు, "విన్నాం" అని మాత్రం అనాలి.

"కల్లుమడ్డి తాగి పెళ్ళిబండిని చెరువులోకి లాక్కెళ్ళా. పెళ్ళికొడుకు నెత్తిన నాచుతో లేచాడు," అన్నాడు ఎద్దు.

"విన్నాం."

"నా బిడ్డనుకుని పనసకాయకి పేలు చూశా. ముళ్ళు గుచ్చుకుంటే చెంప కూడా వాయించా," అంది చింతాలు.

"విన్నాం."

గుబురయ్య తడబడుతూ తన పుట్ట సంగతి చెప్పాడు. ఒక్కరూ పక్కున నవ్వలేదు. హమ్మయ్య, నాలాంటివాళ్ళు ఇంతమందా అనుకునేసరికి అతని ప్రాణం తేలికపడింది. కొత్తగా వచ్చినవాణ్ణి కాళ్ళు నిలదొక్కుకునేదాకా ఒంటరిగా వదలరట. చింతాలు తోడు వచ్చింది.

మర్నాడు నక్క బుర్రతో రానే వచ్చాడు. గుబురయ్య చెయ్యి చాచేలోపు చింతాలు బుర్ర లాక్కుని వాగులో ఒంపేసింది. కాసేపు చేపలు వెల్లకిలా ఈదాయి.

గుబురయ్య మానేశాక తియ్యన్న నాలుకకు తేనెచుక్క లేదు. ఆలోచించి ఆలోచించి, ఆ తోడేదో నేనే అయితే పోలా అనుకున్నాడు. ఆ సాయంత్రమే బండ దగ్గరికి తూలుతూ వచ్చి ఢామ్మని కూలబడ్డాడు.

"అయ్యలారా, నేనూ పచ్చి తాగుబోతును! నిన్న చందమామని దోసె అనుకుని కొండెక్కా! నన్ను గుబురయ్యన్నకి తోడుగా వెయ్యండి, ఇద్దరం కలిసి బాగుపడతాం!"

"విన్నాం," అన్నారందరూ.

"కొత్తవాడు తోడు కాలేడు నాయనా, తోడు పెట్టించుకుంటాడు," అన్నాడు ఓరుపయ్య. "చింతాలూ, నువ్వు వెళ్ళు. గుబురయ్యా, నువ్వు కూడా. ఇంకొకణ్ణి కాచేవాడు తనను తాను కాచుకుంటాడు. ముందు వీడి సరుకు పారబొయ్యండి."

నక్కకు పైప్రాణాలు పైనే పోయాయి. "ఆగండాగండి! నేను చుక్క ముట్టను! కాచడమే గానీ తాగడం ఎరగను! ఇదంతా అబద్ధం!"

"మొదటిరోజు మేమూ ఇదే మాట అన్నాం," అంది చింతాలు ముద్దుగా.

గుబురయ్యకు అప్పుడు వెలిగింది. తాగని నక్క తనకెందుకు పోశాడో, తేనె ఎటు పోయిందో! కోపం నషాళానికంటింది. పంజా లేపాడు. ఓరుపయ్య మాట గుర్తొచ్చి దించాడు. ఆ పంజాతోనే నక్క మెడ చుట్టూ ప్రేమగా చెయ్యేశాడు.

"భయపడకు తమ్ముడూ. క్షణం కూడా నిన్ను వదలను."

వదల్లేదు. బుర్రలన్నీ పగలగొట్టారు. నక్క పొదలో దాక్కుంటే పొదలో, బొరియ దూరితే బొరియ ముందు, ఇటు ఎలుగు, అటు కోతి. తియ్యన్న "నేను తాగనురో" అని అరిచిన కొద్దీ దారినపోయే ముళ్ళపంది కూడా ఆగి "పాపం, బాగా ముదిరింది" అనేది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లంటారు మరి! నక్కను కాయడంలో పడి గుబురయ్యకు గుక్క మాటే గుర్తుకు రాలేదు.

పూలకారు అయింది. కర్రెమ్మ కొండ దిగి వచ్చింది. గుబురయ్య నోరు తెరిచాడు. ఆమె ఈ పక్క వాసన చూసింది, ఆ పక్క వాసన చూసింది. పిల్లను తెచ్చి అతని వీపు మీద కూర్చోబెట్టింది. గుబురయ్య ఆనందానికి ముందుకాళ్ళు గాల్లోకి లేపబోయి, పిల్ల జారుతుందని ఆగిపోయాడు.

"వదినా, వదినా!" నక్క ఆమె కాళ్ళ మీద పడ్డాడు. "నా నోరూ చూడు! నేను జన్మలో తాగలేదని నువ్వైనా చెప్పు!"

కర్రెమ్మ నక్క నోరు శ్రద్ధగా వాసన చూసింది.

"నిజమే మరిదీ, కంపు లేదు," అంది. "తోడు బాగా పనిచేస్తోంది. వచ్చే పూలకారు దాటేదాకా ఉంచుకో."

నీతి: మానాలనుకునేవాడికి నలుగురి తోడు గొడుగు, మాననివ్వని వాడికి అదే బోను.