తువ్వాలు కింద రెండో చెయ్యి

దస్తగిరికి శనివారం మధ్యాహ్నం ఒక ఫోను వచ్చింది. అప్పటినుంచి ముద్ద దిగలేదు.

అతను కర్నూలులో ఒక కంపెనీలో పని చేస్తాడు. ఇంటర్నెట్‌లో కొట్టు పెట్టాలంటే దానికో పేరు ఉండాలి, ఆ పేరుకు ఏటేటా కిరాయి కట్టాలి. గడువు దాటితే పేరు పోతుంది. అలా పోయిన పేర్లను పట్టుకుని ఆన్‌లైన్‌లో వేలం వెయ్యడం ఆ కంపెనీ వ్యాపారం. నేరమేమీ కాదు. గొప్ప పని అని కూడా నేను చెప్పలేను.

ఫోను చేసింది ఓబుళమ్మ. పదకొండుమంది ఆడవాళ్లను కూడగట్టుకుని ఆరేళ్లుగా జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి అమ్ముతోంది. హైదరాబాదు నుంచీ బెంగుళూరు నుంచీ ఆర్డర్లన్నీ 'ఓబుళమ్మ రొట్టెలు' అన్న పేరుకే వస్తాయి. కిరాయి సంగతి చూసే పిల్ల వేరే ఉద్యోగానికి వెళ్లిపోయింది. గడువు మెసేజీలు ఆ పిల్ల పాత నంబరుకే వెళ్లాయి. ఇప్పుడా పేరు వేలంలో ఉంది. సోమవారం సాయంత్రం నాలుగింటికి పాట ముగుస్తుంది.

"నా పేరు నేనే పాడి కొనుక్కోవల్లనా నాయనా?" అంది ఓబుళమ్మ. "సరేలే. పద్దెనిమిది వేలు పాడినా. ఇంకా చాలదంటాంది మీ మిషను. ఎంతైతే చాలునో చెప్పు."

చెప్పకూడదు. కనీస ధర నలభై వేలు. దాన్ని గుట్టుగా ఉంచడం కంపెనీ పద్ధతి.

అంతవరకే అయితే దస్తగిరి అన్నం మానేసేవాడు కాడు. పాట కనీస ధరకు అందకపోతే దాన్ని పైకి లాగడం అతని పని. అందుకోసం ముగ్గురు మనుషుల్ని సృష్టించాడు. పూణెలో ఒక మల్హోత్రా, సూరత్‌లో ఒక పటేలు, చెన్నైలో ఒక రాజగోపాలన్. ముగ్గురూ అతని కంప్యూటరులోనే పుట్టారు, అందులోనే ఉంటారు. వాళ్లు పోటీకి దిగితే అసలు కొనేవాళ్లు కంగారుపడి పెంచుతారు. ఆఫీసులో దీన్ని 'కదిలించడం' అంటారు. ఏడాదిగా కదిలిస్తూనే ఉన్నాడు. ఓబుళమ్మకు పోటీగా ఒక్కరూ పాడలేదు. సోమవారం ఆమెనూ కదిలించాలి.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి ఆదోని అవతల ఉన్న గురువు దగ్గరికి వెళ్లాడు.

గురువు పేరు హుసేనప్ప తాత. సంత మైదానం అంచున ఒక చిన్న దర్గాను చూసుకుంటాడు. అంతకుముందు ముప్పయ్యేళ్లు ఆ సంతలోనే పశువుల బేరాలు కుదిర్చాడు. అక్కడ ధర నోటితో చెప్పరు. చేతుల మీద తువ్వాలు కప్పుకుని, దాని కింద వేళ్లు పట్టుకుని చెప్పుకుంటారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అన్ని వేలు; అయిదు దాటితే మళ్లీ మొదటి వేలినుంచి పట్టుకుంటారు. చుట్టూ ఎంతమంది నిలబడినా ఆ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. తాత వేలు నొక్కాడంటే అది స్టాంపు కాగితం కన్నా గట్టిదని సంతంతా నమ్మేది. దర్గాకు చేరాక కూడా తెగని బేరాలు ఆయన దగ్గరికే వచ్చేవి.

దస్తగిరి సలాం చేసి కూర్చున్నాడు. ఓబుళమ్మ సంగతి, పూణె మల్హోత్రాతో మొదలుపెట్టి ఆ ముగ్గురి సంగతి, మొత్తం చెప్పాడు.

"ధర దాచిపెట్టుకోవడం తప్పా తాతా?"

"తప్పెందుకవుతాదిరా? తువ్వాలు ఉండేదే దానికి గదా."

దస్తగిరికి ప్రాణం లేచి వచ్చింది. "నేనూ అదే అనుకుంటి. మరి ఆ ధరకు చేర్చేదానికి మనమే రెండు మాట్లు పాడితే? దొంగతనం గాదు. నేను ఎవరి జేబులోనూ చెయ్యి పెట్టలేదు. వాళ్లంతట వాళ్లే పెంచుకుంటారు. అందరూ చేస్తాండేదే తాతా."

బాగా తయారై వచ్చాడు. బస్సులో బోలెడంత తీరిక దొరికింది మరి.

తాత లేచాడు. ఎవరో మొక్కు తీర్చుకుని దర్గాకిచ్చిన పొట్టేలు ఒకటి గుంజకు కట్టేసి ఉంది. దాని పలుపు విప్పి, తువ్వాలు భుజాన వేసుకుని, "రా" అంటూ సంతలోకి నడిచాడు.

ఆయన తన పాత చోట కూర్చోగానే గొర్రెల కాపరి తిమ్మప్ప వచ్చాడు. పొట్టేలు పళ్లు చూశాడు, వెన్ను తడిమాడు. ఎదురుగా గొంతుక్కూర్చుని తువ్వాలు కింద తాత వేళ్లు పట్టుకున్నాడు.

"ఆరు," అన్నాడు తాత, పైకే. ఎప్పుడూ పైకి చెప్పని మనిషి అలా చెప్పేసరికి చుట్టుపక్కలవాళ్లు తల తిప్పి చూశారు. "చాలదు తిమ్మప్పా."

"ఎంతైతే ఇస్తావు తాతా?"

"చెప్పను."

"చెప్పొద్దులే, నీ ఇష్టం," అంటూ తిమ్మప్ప ఆలోచించుకోవడానికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తాత తన కుడిచేతి వేళ్లను తువ్వాలు కింద తన ఎడమచేత్తోనే పట్టుకున్నాడు. కాసేపు నొక్కాడు. "ఇంగొకాయన వచ్చినాడు. ఏడంటాండాడు."

తిమ్మప్ప అటూ ఇటూ చూశాడు. పగలబడి నవ్వాడు. "రెండు చేతులూ నీవే గదా తాతా! సరే పో, ఏడు."

తాత మళ్లీ నొక్కుకున్నాడు. "ఆయన ఎనిమిదంటాండాడు."

"ఎవురాయన?"

"పూణె నుంచి వచ్చినాడు."

జనం మూగారు. నవ్వేవాళ్లు నవ్వుతున్నారు. తిమ్మప్ప మాత్రం ఈసారి నవ్వలేదు. తువ్వాలు పట్టి లాగి అవతల పడేశాడు. "నీ రెండు చేతుల నడుమ నా దుడ్డు నలుపుతాండావా? నువ్వు గూడానా తాతా?" అని లేచి వెళ్లిపోయాడు. జనంలో ఒకడు ముసలాయనకు మతి చెడిందన్నాడు. ఇంకొకడు, ఇన్నేళ్లూ ఇట్లనే చేసినాడేమో, ఎవరు చూడొచ్చినారు అన్నాడు.

ఆ మాటకు దస్తగిరి ఒళ్లు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది. తువ్వాలు తీసి దుమ్ము దులిపి తాత చేతికిచ్చాడు.

"ముప్పయ్యేళ్ల నమ్మకం తాతా! ఇంతమంది ముందర ఎందుకు చేసినావు?"

"చాటుగా చేసింటే ఎనిమిదికి కొనేవాడు," అన్నాడు తాత. పలుపు పట్టుకుని లేచాడు.

దస్తగిరి సాయంత్రం బస్సుకు కర్నూలు తిరిగి వచ్చాడు.

సోమవారం మూడున్నరకు మేనేజరు శ్రీవత్స అతని కుర్చీ వెనక నిలబడ్డాడు. "ఆ రొట్టెలావిడ పద్దెనిమిది దగ్గరే ఆగిపోయింది. కదిలించవేం?"

"కదిలించను సార్."

"ఏమన్నావ్?"

"పాడింది ఆమె ఒక్కతే. ఇంకొకరు లేరు. లేనివాళ్లను నేను తెచ్చి కూర్చోబెట్టను."

"ఆ సీట్లో కూర్చోవాలని ఉందా, లేదా?"

దస్తగిరి గడియారం వైపు చూస్తూ రెండు చేతులూ బల్ల మీద బోర్లించి పెట్టాడు. శ్రీవత్సకు ఆ ముగ్గురి పాస్‌వర్డులు తెలియవు. అరిచాడు, బతిమాలాడు, మళ్లీ అరిచాడు. నాలుగయింది. పాట ముగిసింది.

"ఇప్పుడేం చేస్తావు?"

"మన రూల్సులో ఉంది గదా సార్. కనీస ధర అందకపోతే, ఆ ధర ఎంతో చివరగా పాడినవాళ్లకు చెప్పి నేరుగా బేరమాడుకోవల్ల."

"ఆ రూలు మనం ఎప్పుడైనా వాడామా?"

"వాడే అవసరం రానిస్తే గదా."

శ్రీవత్స చెయ్యి అడ్డం పెట్టేలోపే దస్తగిరి ఫోను కలిపి, గదిలో అందరికీ వినబడేలా పెట్టాడు. కనీస ధర నలభై వేలని ఓబుళమ్మకు చెప్పాడు.

"నాతో పోటీకి ఎవురున్నారు నాయనా?"

శ్రీవత్స వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"ఎవరూ లేరమ్మా. మొదటినుంచీ మీరొక్కరే."

"అట్లనా!" ఆమె గొంతు మారిపోయింది. "అయితే ఇను. ఇరవై ఇస్తా. చాలదంటే ఆ పేరు మీరే పెట్టుకోండి, రొట్టెలు గూడా మీరే తట్టుకోండి. నేను రేపే ఇంగొక పేరు పెట్టుకుంటా. తట్టే చేతులైతే నావే గదా."

ఇరవైకి పైన ఇచ్చే నాథుడు లేడని శ్రీవత్స కంటే బాగా ఎవరికి తెలుసు? పళ్లు కొరుకుతూ ఒప్పుకున్నాడు. ఫోను పెట్టేశాక గుమ్మం వైపు చెయ్యి చూపించాడు.

"పోతాలే సార్," అన్నాడు దస్తగిరి. "ఆ ముగ్గుర్ని గూడా నా వెంబడి తీసుకుపోతా."

కూర్చున్నచోటే మల్హోత్రాను, పటేలును, రాజగోపాలన్‌ను ఒక్కొక్కరినే తుడిచేశాడు. టిఫిను డబ్బా తీసుకుని మెట్లు దిగాడు. శనివారం తర్వాత మొదటిసారి ఆకలి దంచేసింది.

తర్వాతి ఆదివారం సంతకు వెళ్లేసరికి తాత తన చోటనే కూర్చుని ఉన్నాడు. పక్కన అదే పొట్టేలు. తువ్వాలు ఒళ్లో ఉంది. ఎదురుగా ఎవరూ లేరు. ఒకప్పుడు తాత పిలుపు కోసం వరసలో నిలబడ్డవాళ్లు కూడా ఆయన్ను చుట్టుకుని వెళ్తున్నారు. తాత తల దించుకోలేదు. పోయే ప్రతివాడి కళ్లలోకీ సూటిగా చూస్తున్నాడు.

దస్తగిరి వెళ్లి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"పొట్టేలు అమ్ముతావా తాతా?"

తాత తువ్వాలు పరిచాడు. దస్తగిరి దాని కింద చెయ్యి పెట్టాడు. ఆ వేళ్లు దొరకగానే ముసలాయన గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి వదలకుండా, టీ కొట్టు దగ్గర నిలబడి ఇటే చూస్తున్న తిమ్మప్పను సంతంతా వినబడేలా కేకేశాడు.

"ఒరే తిమ్మప్పా! వచ్చి చూసుకో! ఈ తూరి ఒక చెయ్యి నాది గాదు!"

తిమ్మప్ప చాలాసేపు కదల్లేదు. తర్వాత గ్లాసు పట్టుకునే వచ్చాడు. వంగి, తువ్వాలు అంచు పైకెత్తి లోపలికి చూశాడు. గ్లాసు నేలమీద పెట్టి, దస్తగిరి పక్కన కూర్చుని, తన చెయ్యి కూడా లోపల పెట్టాడు.