పేరు రావాల్సిన చోట

నెల్ ఆష్‌వర్త్ ఒకచోట కుదురుగా కూర్చుని ఆరేళ్ళయింది.

ఇంగ్లండ్ వాయవ్య తీరంలో సాల్ట్‌బీ అనే చిన్న రేవు ఊరు ఆమెది. వయసు ఇరవై మూడు. పాటలు తనే రాసుకుంటుంది, తనే బాణీ కట్టుకుంటుంది, గిటార్ వాయిస్తూ తనే పాడుతుంది. పబ్బుల వెనక గదుల్లో, పుస్తకాల షాపుల్లో, ఒకసారి బట్టలు ఉతికే మిషన్ల షాపులో కూడా పాడింది. సోమవారం లీడ్స్, మంగళవారం హల్, బుధవారం బస్సులో నిద్ర. మొదటి నాలుగు పాటలూ ఇంట్లో మెట్ల కింద, కోట్లు తగిలించే అరలో దూరి రికార్డు చేసుకుంది. మూడువందల సీడీలు చేయించి, అట్టల మీద తన చేత్తోనే ముద్రలు వేసి, భుజాన సంచిలో మోసుకుంటూ ఊరూరా తిరిగింది.

ఆ నాలుగిట్లో ఒకటి రేడియోలో వచ్చింది. దానితోనే ఆమె పేరు నలుగురికీ తెలిసింది. "డానీ, పెరటి తలుపుకి గడియ వెయ్యలేదు" అని మొదలవుతుంది ఆ పాట. ప్రతి చరణం చివరా మళ్ళీ ఆ మాటే.

డానీ ఆమె అన్న. ఆరేళ్ళ కిందట తండ్రితో మాటామాటా పెరిగి, ఒక సంచీ పట్టుకుని వెళ్ళిపోయాడు. ఉత్తరం లేదు, ఫోన్ లేదు. తల్లి పిల్లల చిన్నతనంలోనే పోయింది. తండ్రి రాల్ఫ్ పడవలు బాగుచేసే వడ్రంగి, అసలే మాట తక్కువ మనిషి. ఆ రోజు నుంచి ఆయన కొడుకు పేరు ఎత్తలేదు. నెల్ ఇంట్లో ఉన్న రాత్రుల్లో పెరటి తలుపుకి ఆయన గడియ వేసేవాడు, కాసేపయ్యాక ఆమె వెళ్ళి తీసేది. పొద్దున లేచాక ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ మాట్లాడేవాళ్ళు కారు.

కాబట్టి ఆమె వరకు అది పాట కాదు. ఊరూరా వేసే కేక. ఏ ఊళ్ళో ఏ మూల ఉన్నాడో, ఎప్పుడో ఒకప్పుడు వినకపోతాడా అని. పాడుతున్నంతసేపూ చూపు గుమ్మం మీదే ఉండేది. ఎవరు లోపలికొచ్చినా చరణం మధ్యలో గొంతు తడబడేది. 'చూపు నిలవని గాయని' అని ఒక పత్రిక మెచ్చుకుంటూ రాసింది. నెల్ ఆ కాగితం చింపేసింది.

ఆ వసంతంలో మాంచెస్టర్‌లోని ఒక చిన్న రికార్డు కంపెనీ పూర్తి ఆల్బమ్ చేద్దామని పిలిచింది. మూడో రోజు, రికార్డింగ్ చూసుకునే అతను మెల్లగా అడిగాడు.

"ఆ పేరు తీసేస్తే ఎలా ఉంటుందంటావ్? ఎవరో ఒకడి పేరుంటే, వినేవాళ్ళకి అది తమ పాట అనిపించదు."

"ఎవరో ఒకడు కాదు," అంది నెల్.

అలా అని బయటికొచ్చి, ఆ భవనం చుట్టూ మూడుసార్లు తిరిగింది. నాలుగోసారి మెట్ల మీద కూలబడి ఫోన్ తీసింది. ఎవరో ఒక వీడియో పంపారు. సాల్ట్‌బీలో చర్చి వెనక హాలు. ముప్పై మంది ముసలివాళ్ళు నిలబడి ఆమె పాటే పాడుతున్నారు. వెనక వరసల్లో మొహాలు ఆనడం లేదు. పియానో దగ్గర గార్నెట్ మాస్టారు.

ఊరి బడిలో ఆయన ముప్పై ఏళ్ళు సంగీతం చెప్పాడు. నెల్‌కి ఊపిరి పట్టడం, వదలడం నేర్పింది ఆయనే. డానీ కూడా ఒక ఏడాది ఆయన క్లాసులో బల్లల మీద దరువు వేశాడు. ఉద్యోగం అయిపోయాక ఆయన గురువారం మధ్యాహ్నాలు ఊళ్ళో పెద్దవాళ్ళని పోగుచేసి పాడిస్తున్నాడు.

నెల్ వీడియో రెండోసారి చూసింది. పాటంతా సరిగ్గానే ఉంది. పేరు రావాల్సిన చోట మాత్రం అంతా గజిబిజి. ఎవరికి తోచింది వాళ్ళు గొణుగుతున్నారు. ఎంత చెవి పెట్టినా 'డానీ' అన్న మాట వినపడలేదు.

మాంచెస్టర్‌లో తియ్యమని అడిగారు. సొంత ఊళ్ళో అడగనైనా అడక్కుండా తీసేశారు.

ఆ మరునాడు గురువారం. నెల్ రైలెక్కింది.

ఆమె వెళ్ళేసరికి హాల్లో గార్నెట్ మాస్టారు ఒక్కడే ఉన్నాడు. కుర్చీలు నాలుగు వరసలుగా సర్ది, ఒక్కో కుర్చీలో ఒక్కొక్కరి పాటల కాగితాలున్న నీలం ఫైలు పెడుతున్నాడు.

"మీరు నా పాట పాడిస్తున్నారు," అంది ఆమె, పలకరింపు కూడా లేకుండా.

"అవును. మంచి పాట. ముసలి గొంతులు కదా, శ్రుతి కాస్త దించాను."

"శ్రుతి సంగతి కాదు మిస్టర్ గార్నెట్. పేరు ఏమైంది?"

"కాగితంలో ఆ చోటు ఖాళీ ఉంచాను."

"అది ఖాళీ కాదు, మా అన్న!"

హాలు పెద్దది. ఆ మాట గోడల దాకా వెళ్ళి తిరిగొచ్చింది. గార్నెట్ మాస్టారు చేతిలో ఉన్న ఆఖరి ఫైలు కుర్చీలో పెట్టాడు. కోటు జేబులోంచి పెన్సిలు తీసి ఆమెకి ఇచ్చాడు. దాని వెనక రబ్బరుంది.

"అయితే రాసెయ్. ముప్పై ఫైళ్ళు. వాళ్ళు రావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది."

"వాళ్ళు ఇంకేదో రాసుకుని ఉంటే?"

"పాట నీది. చెరిపెయ్."

అని ఆయన పియానో దగ్గరికి వెళ్ళి, ఆమెకి వీపు పెట్టి కూర్చున్నాడు.

నెల్ మొదటి వరసలో మొదటి ఫైలు తెరిచింది. ఖాళీ గీత మీద వణుకుతున్న అక్షరాలతో 'హెరాల్డ్' అని ఉంది. గబగబా చెరిపి, దాని మీద 'డానీ' అని రాసింది. రబ్బరు పొడి ఊదేసింది.

రెండో ఫైలులో 'మా మొరీన్' అని ఉంది. చెరపబోయి, రబ్బరు ఆనించి, ఆగింది. ఆ అక్షరాల మీద పెన్సిలు చాలాసార్లు నడిచినట్టుంది. కాగితం వెనక్కి తిప్పితే గీతలు చేతికి తగులుతున్నాయి. తర్వాత చూద్దాంలే అని పక్క ఫైలు తీసింది.

అందులో రెండు పేర్లున్నాయి. జోన్, పీటర్. పక్కనే చిన్నగా, 'ఒక వారం ఒకరు.'

తర్వాతి దాంట్లో 'అమ్మ' అని. దాని పక్క దాంట్లో 'బెస్' అని రాసి, పేరు పైన రెండు కుక్క చెవులు గీసి ఉన్నాయి. నెల్‌కి నవ్వు రాబోయింది. రాలేదు.

రెండో వరసలో ఒకరు పేరేమీ రాయలేదు. 'ఇక్కడ నేను ఊరుకోవాలి' అని రాసుకున్నారు.

ఇప్పుడామె చేతిలో పెన్సిలు ఉందే కానీ, దానితో పని లేదు. ఫైలు తెరవడం, చదవడం, మూయడం. మెల్లగా మూసేది, లోపల ఎవరో నిద్రపోతున్నట్టు. అలా మూడో వరస అయింది. నాలుగో వరసలో గోడవారగా ఉన్న చివరి ఫైలు తెరిచింది.

'డానీ' అని ఉంది.

తనే రాసిందేమో అనుకుంది ఒక్క క్షణం. కానీ తను ఈ వరసకి ఇప్పుడే వచ్చింది. పైగా ఇది తన దస్తూరీ కాదు. విడివిడిగా, నిలువుగా, పెద్దక్షరాలు. చెక్క మీద కొలతల గుర్తులు పెట్టుకునే చదునైన వడ్రంగి పెన్సిలుతో రాసినవి. ఇంటి వెనక షెడ్డులో ప్రతి చెక్కపలక మీదా అదే రాత. చిన్నప్పుడు ఆమె అంకెలు నేర్చుకున్నది వాటిని చూసే.

నెల్ ఆ కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

గార్నెట్ మాస్టారు వెనక్కి తిరగలేదు.

ఆమె మొదటి వరసకి నడిచి వెళ్ళింది. మొదటి ఫైలు మళ్ళీ తెరిచింది. తను రాసింది చెరిపింది. దాని కింద పాత అక్షరాల నొక్కులు కాగితంలో ఇంకా కనబడుతూనే ఉన్నాయి. కిటికీ వెలుగులోకి వంచి పట్టుకుని, పెన్సిలు ఆ నొక్కుల్లోనే నడిపిస్తూ, ఒక్కో అక్షరం మళ్ళీ నింపింది. వణుకుతో సహా. హెరాల్డ్.

పెన్సిలు తెచ్చి పియానో మీద పెట్టింది.

"అయిందా?" అన్నాడు ఆయన.

"ఒకటి తప్పు రాశాను. సరిచేశాను."

ఆయన తలూపాడు.

జనం రావడం మొదలైంది. చేతికర్రలు, తడి గొడుగులు, పలకరింపులు. ఒకావిడ నేరుగా వెళ్ళి మొదటి ఫైలు తీసి, తెరిచి చూసుకుని, ఒళ్ళో పెట్టుకుంది. నెల్ చూపు తిప్పుకుంది.

అందరికన్నా చివర రాల్ఫ్ వచ్చాడు. పని కోటుతోనే ఉన్నాడు, చేతుల మీద చెక్కపొడి. కూతుర్ని చూసి గుమ్మంలో ఆగాడు. టోపీ తీసి చేతిలో నలిపాడు. వెనక్కి పోతాడేమో అనిపించింది. పోలేదు. గోడ పక్కగా నడిచి తన కుర్చీ దగ్గరికొచ్చాడు. నెల్ అక్కడే నిలబడి ఉంది.

"రైలు టైముకే వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది నాన్నా. ఇక్కడికి ఎప్పట్నుంచి వస్తున్నావు?" అంది.

"ఫిబ్రవరి."

"నీకు పాటలు పడవు కదా."

"ఇప్పటికీ పడవు," అన్నాడు రాల్ఫ్.

ఆయన కూర్చున్నాడు. పక్కన ఖాళీ కుర్చీ లేదు. నెల్ గోడవారనున్న బల్ల ఒకటి లాక్కొచ్చి కూర్చుంది. రాల్ఫ్ ఆమె వైపు చూడలేదు. ఫైలు మాత్రం తెరిచి, ఇద్దరికీ కనబడేలా మధ్యకి జరిపాడు. ఆరేళ్ళుగా ఆయన ఎత్తని ఆ పేరు కాగితం మీద పట్టపగలు అలా కనబడుతూ ఉంది. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.

గార్నెట్ మాస్టారు శ్రుతి ఇచ్చాడు. అందరూ లేచారు.

పాట ఆమె పాడేదానికన్నా నిదానంగా నడిచింది. మొదటి మాట దగ్గరే ముప్పై గొంతులు ముప్పై దారులు పట్టాయి. ఫోన్‌లో విన్న గజిబిజే. కానీ ఇప్పుడామెకి అందులో హెరాల్డ్ వినిపించాడు, మొరీన్ వినిపించింది, ఎక్కడో ముందు వరసలో ఒక అమ్మ, ఒక కుక్క. ఆ వెంటనే అన్ని గొంతులూ మళ్ళీ కలిసి, పెరటి తలుపుకి గడియ వెయ్యలేదు అన్నాయి.

నెల్ పెదవి కదపలేదు. నలభై ఊళ్ళలో పాడిన పాటకి ఆమె దగ్గర గొంతు లేకుండా పోయింది. పక్కన తండ్రి ఆ పేరు దగ్గర నోరు తెరిచాడు. ఏదో బొంగురుగా, ఊపిరిలా వచ్చి ఆగిపోయింది.

పియానో ఆగింది. పాటా ఆగింది. జనం ఏమయిందా అని చూశారు.

గార్నెట్ మాస్టారు కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. వెనక వరస వైపు తిరిగాడు.

"గోడ పక్క వాళ్ళిద్దరూ," అన్నాడు, "నాకు వినపడలేదు. మళ్ళీ ఒకసారి."