పోపుకు నిలవని కొత్త పోకడ

కస్తూరివరం రాజు కుమారభూపతికి ఏదైనా నచ్చిందంటే ఇక ఊరుకోడు. పొరుగు రాజ్యం చూసొచ్చాక తన కోట ఆయన కంటికి ఒక్కసారిగా ముసలిదైపోయింది. "ఏమిటీ రంగులు, ఏమిటీ తలుపులు! తాతగారి కాలంనాటి ఈ కోటలో నేనెలా ఉండేది?" అంటూ, అక్కడి గృహాలంకార పండితుడు విచిత్రవర్మను పల్లకీ పంపి మరీ పిలిపించాడు.

విచిత్రవర్మ నెల తిరక్కుండానే కోట రూపు మార్చేశాడు. పసుపూ ఎరుపూ గోడలన్నీ బూడిద రంగుకు తిరిగాయి. తలుపులన్నీ ఊడి గొడ్లచావిట్లో చేరాయి. అలమరలకు రెక్కలు పోయి, రాజమాత ఊరగాయ జాడీలు వచ్చేపోయేవాళ్ళందరికీ దర్శనమిచ్చాయి. పాపం, ఆవిడ వాటి మీద తన పట్టుచీర కప్పుకుంటూ వచ్చింది.

"కంటికి అడ్డు ఉండకూడదు ప్రభూ. వందేళ్ళయినా పాతబడని పోకడ ఇది" అనేవాడు విచిత్రవర్మ, మీసం దువ్వుకుంటూ.

చివరికి ఆయన కన్ను సభకూ వంటింటికీ మధ్యనున్న గోడ మీద పడింది. అది కూల్చేస్తే సభా వంటా ఒకే శాల! రాజు ఎగిరి గంతేసి, ఎల్లుండికి ముహూర్తం పెట్టించాడు.

ఈ కబురు వినగానే వంటమనిషి పేరిందేవి చేతిలో గరిటె జారిపోయింది. ముప్పై ఏళ్ళుగా కోటకు వండుతోందామె. అంతకుముందు వాళ్ళమ్మ కూడా ఆ పొయ్యి దగ్గరే వండింది. ఆ నాలుగు గోడల మధ్యే ఆమె పాడుకునేది, తిట్టుకునేది, కాళ్ళు చాపుకుని తమలపాకు నమిలేది. అందులో ఒక గోడ పోతే సభంతా తన నెత్తిన కూర్చున్నట్టే. ముందు ఏడుపొచ్చింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. చేతులు కడుక్కుని తిన్నగా సభకు నడిచింది.

"మహారాజా, ఈ పోకడ వందేళ్ళు నిలవదు" అంది.

"వంటమనిషివి, నీకేం తెలుసు?" అన్నాడు విచిత్రవర్మ.

"నా పొయ్యి వెనక గోడ ముప్పై ఏళ్ళుగా బూడిద రంగే బాబుగారూ. నాకెందుకు తెలియదు?"

సభ కిసుక్కుమంది. రాజు మాత్రం ముఖం ముడుచుకున్నాడు. "అయితే రుజువు చెయ్యి, గోడ ఉంటుంది. చెయ్యలేకపోయావో, గోడతోపాటు నువ్వూ కోట విడిచి పోవాలి."

పేరిందేవి తొణకలేదు. "సరే మహారాజా. కానీ కూల్చేముందు ఎలా ఉంటుందో చూసుకోవాలి కదా? రేపు పొయ్యి తెచ్చి సభలోనే వండుతాను."

"భేష్!" అని పొంగిపోయాడు విచిత్రవర్మ. "రేపు పొరుగు రాయబారి కూడా వస్తున్నాడు. ఇలాంటి శాల మా కోటలో కూడా లేదు, చూసి కుళ్ళుకుంటాడు!"

"పప్పులోకి పోపు ఎలా పెట్టమంటారు బాబుగారూ?"

జన్మలో వంటింటి గడప తొక్కని మనిషి, ఆయనకు పోపు సంగతి ఏం తెలుసు? "రాజదర్బారమ్మా! ఘనంగా ఉండాలి. దేనికీ లోటు చెయ్యకు" అన్నాడు చెయ్యి ఊపుతూ.

"మీ మాటే నాకు ఆజ్ఞ" అంది పేరిందేవి.

మర్నాడు సింహాసనానికి పదడుగుల దూరంలో పొయ్యి రాజుకుంది. రాయబారి లేఖ విప్పాడు. పేరిందేవి మూకుట్లో నూనె బాగా కాగనిచ్చి, దోసెడు ఎండుమిరపకాయలు గుమ్మరించింది. ఆజ్ఞ ప్రకారం, ఘనంగా.

"మా ప్రభువులు తమ క్షేమం కోరుతూ... కోరు... హాచ్!"

రాయబారి చేతిలో లేఖ ఎగిరిపోయింది. రాజు తుమ్మిన తుమ్ముకు కిరీటం ఒళ్ళో పడింది. భటులు బల్లేలు వదిలేసి కళ్ళు నులుముకున్నారు. మంత్రిగారు ఎవరి ఉత్తరీయంతోనో ముక్కు తుడుచుకున్నారు.

"వంటింటి తలుపు వెయ్యండి!" అని అలవాటు కొద్దీ అరిచాడు రాజు.

"తలుపెక్కడిది మహారాజా? గొడ్లచావిట్లో ఉంది!" అన్నాడో భటుడు తుమ్ముతూ.

అందరికంటే ముందు పరుగెత్తింది విచిత్రవర్మే. ఖాళీ వంటింట్లోకి దూరి, గోడకు వీపు ఆనించి గుక్కలు గుక్కలుగా గాలి పీల్చుకున్నాడు. ఆయన వెనకే రాజు, రాజు వెనకే రాయబారి, మంత్రి, సభంతా. పేరిందేవి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"బాబుగారూ, మీరు ఆనుకున్నది ఆ పాత గోడేనండీ. రేపు కూల్చేద్దామా?"

"వద్దు తల్లీ... హాచ్! వెయ్యేళ్ళు ఉండనీ!" అన్నాడు విచిత్రవర్మ, ఇంకా గట్టిగా దానికి అతుక్కుపోయి.

రాజు వంటింటి పీట మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "వందేళ్ళన్నావు కదయ్యా! పోపు చల్లారేదాకా కూడా ఆగలేదే!" తుమ్ములూ నవ్వులూ కలిసి వంటిల్లు దద్దరిల్లింది. తలుపులన్నీ విచిత్రవర్మే మోసుకొచ్చి బిగించాలని అక్కడికక్కడే ఆజ్ఞ అయింది. రాజు మెడలోని ముత్యాల హారం పేరిందేవి చేతిలోకి వచ్చింది.

"నీ వంటింటికి కొత్త టేకు తలుపు కూడా చేయిస్తాను. గడియ లోపలి వైపే, నీ చేతిలోనే" అన్నాడు రాజు కళ్ళు తుడుచుకుంటూ. "ఏ రంగు వేయించమంటావు?"

"ఏ రంగైనా సరే మహారాజా, మూసుకుంటే చాలు!"