సగం పల్లకీ

పల్లకీలు తిరిగే రోజుల సంగతి ఇది. పల్లకీ మోసే సింగన్న రాజుగారి పిలుపు మీద యుద్ధానికి వెళ్ళి, కుడికాలు పోగొట్టుకుని తిరిగొచ్చాడు. ఇక ఏ పనీ చేయలేడని రాయించుకుంటే, ఇంటిల్లిపాదికీ సరిపడా ధాన్యం కోట నుంచి ఏటేటా వస్తుంది.

అలా రాసిచ్చే అధికారి కొండమరాజు. మనిషి మంచివాడే గానీ మహా పట్టుదల.

"రెండు కాళ్ళలో ఒకటుంది కదోయ్! సగం అవిటితనం, సగం ధాన్యం," అని తేల్చేశాడు.

"ఒంటికాలితో పల్లకీ మొయ్యలేనండయ్యా."

"సగం మొయ్యి!"

సింగన్న బయటికొచ్చి, అధికారి పల్లకీ మోసే తన బావమరదుల చెవిలో ఏదో చెప్పాడు.

సాయంత్రం కొండమరాజు దర్జాగా పల్లకీ ఎక్కాడు. ముందున్న ఇద్దరు కర్రను భుజానికెత్తారు. వెనక ఎవరూ లేరు. పల్లకీ ఏటవాలుగా లేచింది. ఆయన తలపాగాతో సహా వెనక్కి జారిపోయాడు.

"వెనకవాళ్ళేరీ?"

"ముందువాళ్ళున్నారు కదండయ్యా," అన్నాడు గోడకానుకుని నిలబడ్డ సింగన్న. "సగం దూరమైనా వెళ్ళండి."

"సగం మందితో అడుగైనా కదలదురా!" అని అరిచిన కొండమరాజు, తన మాట తనకే వినబడి ఆగిపోయాడు. తరవాత పకపకా నవ్వాడు. కలం తెప్పించి అక్కడే పూర్తి ధాన్యం రాసిచ్చాడు. అంతటితో ఊరుకోక, వెనకవాళ్ళనూ పిలిపించి, సింగన్నను పల్లకీ ఎక్కించి తాను పక్కనే నడిచాడు.

"కాలు తగ్గినా బరువు తగ్గలేదేం బావా!" అని మూలిగాడు వెనకున్న బావమరిది.

సింగన్న దిండు మీద వాలాడు.

"ముప్పై ఏళ్ళు మోశానురా. లోపల ఇంత మెత్తగా ఉంటుందని ఒక్కడైనా చెప్పాడా?"